తువోల్ స్లెంగ్ మ్యూజియం, నోమ్ పెన్: ఆడియో గైడ్ తీసుకోండి, తీర్పు గురించి చదువుకుని వెళ్ళండి

కంబోడియా ట్రిప్ అంటే మనవాళ్ళకి అంగ్‌కోర్ వాట్ ఒక్కటే. సియెమ్ రీప్‌లో దిగడం, తెల్లవారుజామున గుడి ముందు ఫొటోలు, మర్నాడు చుట్టుపక్కల గుళ్ళు, తిరుగు విమానం. రాజధాని నోమ్ పెన్ దాకా వెళ్ళేవాళ్ళు తక్కువ, వెళ్ళినా ఒకప్పటి జైలు, ఇప్పుడు మ్యూజియం అయిన తువోల్ స్లెంగ్ పేరు ఎత్తగానే "సెలవుల్లో వెళ్ళి ఆ జైలు, ఆ పుర్రెలు మనకెందుకండీ" అనేస్తారు. అలా అనేవాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. వెళ్ళండి. సగం రోజు దానికోసమే పెట్టుకోండి, ఆ రోజు ఇంకేమీ పెట్టుకోకండి. మ్యూజియంకి, దాని ఆడియో గైడ్‌కి నా రేటింగ్ 5కి 5. హోటల్ కౌంటర్లో బుక్ చేసుకున్న హాఫ్ డే టూర్‌కి మాత్రం 5కి 1. ఆ 1 కూడా ఏసీ వ్యాన్ టైమ్‌కి వచ్చినందుకు. ఆ టూర్ వాళ్ళ పేరు రాయను, అలాంటివి ఆ ఊళ్ళో చాలా ఉన్నాయి, ఎవరి దగ్గర తీసుకున్నా ఏం చూసుకోవాలో కింద చెప్తాను.

ముందు ఆ చోటు గురించి. నోమ్ పెన్ నడిబొడ్డున, ఇళ్ళ మధ్యలో, మామూలు మూడంతస్తుల హైస్కూల్ బిల్డింగులు. వరండాలు, బయట కొబ్బరి చెట్లు, ఆటస్థలం. 1975 ఏప్రిల్ 17న ఖ్మేర్ రూజ్ (పోల్ పాట్ నడిపిన కంబోడియా కమ్యూనిస్టు పార్టీ) సైన్యం నోమ్ పెన్‌ని పట్టుకుని, ఊళ్ళో ఉన్న మొత్తం జనాన్ని పల్లెలకి తోలేసింది. బడులు మూసేశారు, డబ్బు రద్దు చేశారు, గుళ్ళు, మసీదులు బంద్. ఖాళీ అయిన ఈ స్కూల్‌ని ఎస్-21 అనే రహస్య జైలుగా మార్చారు. 1979 జనవరి 7న వియత్నాం సైన్యం ఊళ్ళోకి వచ్చేదాకా ఇది నడిచింది. ఇక్కడికి తెచ్చి చంపినవాళ్ళు కోర్టు లెక్కలోనే 12,000కి పైగా. దేశం మొత్తం మీద ఆ మూడేళ్ళ ఎనిమిది నెలల్లో ఆకలితో, రోగాలతో, వెట్టిచాకిరీతో, హత్యలతో పోయినవాళ్ళు 17 లక్షల నుంచి 20 లక్షల మంది అని సాధారణంగా చెప్తారు. అప్పటి జనాభా 80 లక్షలకి అటూ ఇటూ. ప్రతి నలుగురైదుగురిలో ఒకరు అనుకోండి.

నేను హైస్కూల్లో సోషల్ చెప్తాను. అందుకే కావచ్చు, గేటు దాటగానే నాకు కనిపించింది జైలు కాదు, బడి. ఎ బిల్డింగ్‌లో పెద్ద పెద్ద గదులు, ప్రతి గదిలో ఒక ఇనుప మంచం, సంకెళ్ళు, గోడ మీద ఒక ఫొటో. వియత్నాం సైన్యంతో వచ్చినవాళ్ళు లోపలికి అడుగుపెట్టినప్పుడు అదే మంచం మీద ఉన్న శవం ఫొటో అది. జైలు వాళ్ళు పారిపోతూ చివరగా చంపిన 14 మందివి, వాళ్ళ సమాధులు బయట ఆవరణలోనే ఉన్నాయి. సి బిల్డింగ్‌లో క్లాస్‌రూముల మధ్య గోడలకి దారులు కొట్టి, లోపల ఇటుకలతో, చెక్కలతో మనిషి కాళ్ళు చాపుకోవడానికి కూడా చాలని గదులు కట్టారు. వరండా ముందు భాగమంతా ముళ్ళ తీగ. ఖైదీలు పైనుంచి దూకి ప్రాణం తీసుకోకుండా అడ్డంగా వేశారు, ఎందుకంటే వాళ్ళ దగ్గర నేరం ఒప్పుకుంటూ కాగితం రాయించుకోకుండా చావనివ్వకూడదు. ఆటస్థలంలో పిల్లల వ్యాయామం కోసం పెట్టిన చెక్క స్తంభాలకి మనుషుల్ని తలకిందులుగా వేలాడదీసి, స్పృహ తప్పితే కింద ఉన్న మురికినీళ్ళ కుండలో ముంచేవాళ్ళు. ఆ స్తంభాలు, కుండలు అలాగే ఉన్నాయి.

ఈ జైలు పెద్ద కయింగ్ గెక్ ఈవ్, అందరూ పిలిచే పేరు డుచ్. అతను అంతకుముందు లెక్కల మాస్టారు. ఖ్మేర్ రూజ్ పెద్దల్లో పోల్ పాట్‌తో సహా పాఠాలు చెప్పి బతికినవాళ్ళు ఇంకా ఉన్నారు. ఇది చదివి ఉన్నా అక్కడ నిలబడి వింటుంటే వేరే. డుచ్ ఖైదీల వాంగ్మూలాలు చదివి, మార్జిన్లలో తప్పులు దిద్ది, ఇంకా ఏం రాబట్టాలో చేత్తో రాసి పంపేవాడు. మా స్టాఫ్‌రూమ్‌లో పేపర్లు దిద్దే పని నేనూ రోజూ చేస్తాను కాబట్టి ఆ కాగితాల ముందు చాలాసేపు కదల్లేకపోయాను.

ఆడియో గైడ్ గురించి గట్టిగా చెప్పాలి. విదేశీయులకి టికెట్ 5 డాలర్లు, ఆడియో గైడ్ తీసుకుంటే ఇంకో 5. ఈ రెండో 5 డాలర్లు మిగుల్చుకోవద్దు. తెలుగులో లేదు, నేను ఇంగ్లిష్‌ది తీసుకున్నాను. చెప్పే గొంతు నెమ్మదిగా, ఎక్కడా నాటకీయత లేకుండా ఉంటుంది. నేపథ్యంలో ఏడిపించే సంగీతం పెట్టి మనల్ని తోయదు. మధ్యలో బతికినవాళ్ళ మాటలు, కోర్టులో చెప్పిన సాక్ష్యాలు వినిపిస్తాయి. కష్టమైన గదుల ముందు ఇది దాటి వెళ్ళాలనుకుంటే వెళ్ళచ్చు అని ముందే చెప్తుంది. కూర్చోవడానికి చెట్ల కింద బెంచీలు ఉన్నాయి, అక్కడ కూర్చునే వినాల్సిన భాగాలు కూడా పెట్టారు. ఎవరి వేగంతో వాళ్ళు తిరగచ్చు, ఒక చోట ఆగిపోతే ఎవరూ పిలవరు. వందల మంది ఉన్న ఆవరణలో ఒక్క గొంతు కూడా పైకి లేవకపోవడానికి కారణం, అందరి చెవుల్లోనూ అదే ఉండటం.

బి బిల్డింగ్‌లో ఫొటోలు. జైల్లోకి రాగానే ప్రతి ఒక్కరినీ కూర్చోబెట్టి తీసినవి, కొందరి మెడలో నంబరు పలక. ముసలివాళ్ళు, పదేళ్ళ పిల్లలు, ఒళ్ళో పసిబిడ్డతో కూర్చున్న తల్లి. అధికారి నేరం చేశాడని అనుమానం వస్తే భార్యనీ పిల్లల్నీ కూడా తెచ్చేవాళ్ళు, పగ తీర్చుకునేవాళ్ళు మిగలకూడదని. ఈ మొహాల్లో చాలా వాటికి ఇప్పటికీ పేరు లేదు. ఆవరణలో ఉన్న స్మారకం చుట్టూ రాతి పలకల మీద వేల పేర్లు చెక్కారు, అది 2015లో జర్మనీ ప్రభుత్వ సాయంతో కట్టింది.

విదేశీయులూ ఉన్నారు. న్యూజిలాండ్‌కి చెందిన కెరీ హామిల్ అనే కుర్రాడు 1978లో స్నేహితులతో పడవలో తిరుగుతూ కంబోడియా సముద్రంలోకి వచ్చి దొరికిపోయాడు. హింస పెట్టి అతనితో సీఐఏ గూఢచారిని అని రాయించుకున్నారు. ఆ వాంగ్మూలంలో అతను తన పై అధికారి పేరు కల్నల్ శాండర్స్ అని రాశాడు, మన ఊళ్ళలో కూడా బోర్డు మీద కనిపించే ఆ వేయించిన చికెన్ కంపెనీ తాత పేరు. తనకి శిక్షణ ఇచ్చినవాడి పేరు ఎస్. టార్ అని రాశాడు. వాళ్ళ అమ్మ పేరు ఎస్తర్. చావబోతూ ఇంటికి పంపగలిగిన కబురు అదొక్కటే. 2009లో అతని తమ్ముడు రాబ్ హామిల్ కోర్టులో డుచ్ ఎదురుగా నిలబడి ఇదంతా చదివి వినిపించాడు.

ఇక టూర్ సంగతి. వ్యాన్‌లో గైడ్ మైకు పట్టుకుని చెప్పిన మొదటి మాట ఇదీ: "ఇక్కడ జరిగిన జెనోసైడ్‌కి ఐక్యరాజ్యసమితి కోర్టు శిక్ష వేసింది, అందుకే దీని పేరు జెనోసైడ్ మ్యూజియం." వినడానికి బాగుంది. మూడు ముక్కలూ తప్పే. ఆ కుర్రాణ్ణి తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, అతనికి ఇచ్చిన స్క్రిప్టు అది. కానీ డబ్బు తీసుకుని ఇంత పెద్ద విషయం గురించి చెప్పేవాళ్ళు కనీసం తీర్పు ఏమిటో చదివి ఉండాలి. వ్యాన్‌లో మాతో ఉన్నవాళ్ళు ఇదే మాట ఇంటికి తీసుకెళ్తారు, వాళ్ళ పిల్లలకి ఇదే చెప్తారు. అందుకని ఆ మూడు ముక్కలూ ఒక్కొక్కటిగా విప్పి చెప్తాను, వెళ్ళేముందు ఈ కాస్త తెలుసుకుంటే అక్కడ చూసేది వేరేగా ఉంటుంది.

జాతి నిర్మూలన, అంటే జెనోసైడ్, నేరానికి నిర్వచనం 1948 డిసెంబర్ 9న ఐరాస ఆమోదించిన ఒప్పందంలో ఉంది. ఒక జాతీయ, తెగ, జాతి (రేస్) లేదా మత సమూహాన్ని, ఆ సమూహం అయినందుకే, మొత్తంగా గానీ కొంత భాగంగా గానీ నాశనం చేయాలన్న ఉద్దేశంతో ఐదు రకాల పనుల్లో ఏది చేసినా అది జాతి నిర్మూలన. ఆ ఐదు: ఆ సమూహం మనుషుల్ని చంపడం, వాళ్ళ శరీరానికో మనసుకో తీవ్రమైన హాని చేయడం, బతకడానికే వీల్లేని పరిస్థితులు కావాలని కల్పించడం, పిల్లలు పుట్టకుండా చేయడం, వాళ్ళ పిల్లల్ని బలవంతంగా ఇంకో సమూహానికి అప్పగించడం. చూశారా, చంపితేనే అని లేదు. అలాగని ఎంతమందిని చంపినా అదొక్కటే సరిపోదు. లెక్క ముఖ్యం కాదు, ఎవర్ని, ఏ ఉద్దేశంతో అన్నది ముఖ్యం. ఆ ఉద్దేశాన్ని కోర్టులో రుజువు చేయడం ఎంత కష్టమో ఆలోచించండి, ఏ నాయకుడూ కాగితం మీద సంతకం పెట్టి "ఫలానా జాతిని తుడిచేయండి" అని రాయడు కదా.

ఆ జాబితాలో ఉన్నవి నాలుగు రకాల సమూహాలే. రాజకీయ సమూహాలు లేవు. 1946లో ఐరాస జనరల్ అసెంబ్లీ మొదటి తీర్మానం చేసినప్పుడు అందులో రాజకీయ సమూహాల మాట ఉంది. రెండేళ్ళ తర్వాత ఒప్పందం ఖరారయ్యేసరికి తీసేశారు. సోవియట్ యూనియన్ గట్టిగా అడ్డుపడింది, కానీ అదొక్కటే కాదు, ఇంట్లో తిరుగుబాట్లు, ప్రతిపక్షాలు ఉన్న ఇంకొన్ని దేశాలకి కూడా ఆ మాట ఉండటం ఇష్టం లేదు. తమ మీదకే వస్తుందని భయం. ప్రభుత్వాలు కూర్చుని ప్రభుత్వాలు చేసే నేరానికి నిర్వచనం రాస్తే ఇలాగే ఉంటుంది, నాకు దీని మీద కోపమే.

ఇప్పుడు తువోల్ స్లెంగ్‌కి రండి. ఇక్కడికి తెచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఎవరు? ఆ దేశంలో అత్యధికులైన ఖ్మేర్ జాతివాళ్ళే, అందులోనూ చాలామంది ఖ్మేర్ రూజ్ పార్టీ మనుషులు, సైనికులు, అధికారులు, వాళ్ళ కుటుంబాలు. ద్రోహులు, సీఐఏ ఏజెంట్లు, వియత్నాం ఏజెంట్లు అని ముద్రవేసి తెచ్చారు. చంపినవాళ్ళూ ఖ్మేర్లే, చచ్చినవాళ్ళూ ఖ్మేర్లే. నాలుగు రకాల్లో ఏదీ సరిపోదు. అందుకని డుచ్ మీద జాతి నిర్మూలన అభియోగమే పెట్టలేదు. 2010 జూలై 26న అతనికి శిక్ష పడింది మానవాళిపై నేరాలకి, 1949 జెనీవా ఒప్పందాల తీవ్ర ఉల్లంఘనలకి. ఆ రెండోది ఎందుకంటే వియత్నాంతో యుద్ధం నడుస్తున్న కాలంలో పట్టుకొచ్చిన వియత్నాం సైనికుల్ని, పౌరుల్ని ఇక్కడ పెట్టి చంపారు. మానవాళిపై నేరాల్లో రాజకీయ కారణాలతో హింసించడం కూడా నేరమే. 1948 ఒప్పందం వదిలేసిన తలుపుని ఈ చట్టం తెరిచి ఉంచిందన్నమాట.

జాతి నిర్మూలన తీర్పు కూడా వచ్చింది, కానీ ఇక్కడి ఖ్మేర్ ఖైదీలకి జరిగినదాని మీద కాదు. 2018 నవంబర్ 16న పోల్ పాట్ తర్వాతి స్థానంలో ఉన్న నువోన్ చియాని చామ్ అనే మైనారిటీ తెగ ముస్లింల మీద, వియత్నాం జాతివాళ్ళ మీద జాతి నిర్మూలనకి దోషిగా తేల్చారు. దేశాధినేతగా ఉన్న ఖియూ సంఫాన్‌ని వియత్నాం జాతివాళ్ళ విషయంలో దోషి అన్నారు, చామ్‌ల విషయంలో రుజువు చాలలేదన్నారు. చామ్‌లని వాళ్ళ భాష మాట్లాడనివ్వలేదు, ఖురాన్‌లు పోగుచేసి తగలబెట్టారు, పంది మాంసం తినమని బలవంతం చేశారు, ఊళ్ళు విడగొట్టి చెదరగొట్టారు, ఎదురు తిరిగిన ఊళ్ళని ఊచకోత కోశారు. ఇదంతా నిర్వచనంలో సరిగ్గా కూర్చుంటుంది. అదే తీర్పులో బలవంతపు పెళ్ళిళ్ళని కూడా మానవాళిపై నేరంగా తేల్చారు. ముక్కూమొహం తెలియని ఇద్దర్ని వరసలో నిలబెట్టి పెళ్ళి చేసి, ఆ రాత్రి కాపురం చేశారో లేదో కిటికీ కింద కాపలావాళ్ళతో వినిపించుకున్న వ్యవస్థ అది. ఈ సంగతి మన దగ్గర దాదాపు ఎవరికీ తెలియదు.

మరి మ్యూజియం పేరులో జెనోసైడ్ అని ఎందుకుంది? కోర్టు తీర్పు వల్ల కాదు. 1979 ఆగస్టులో, ఖ్మేర్ రూజ్ పడిపోయిన కొన్ని నెలలకే, కొత్త ప్రభుత్వం నోమ్ పెన్‌లో ఒక ప్రజా విప్లవ ట్రిబ్యునల్ పెట్టి, తనే ఒక విశాలమైన నిర్వచనం రాసుకుని, పోల్ పాట్‌కి, అతని విదేశాంగ మంత్రి ఇయెంగ్ సారీకి వాళ్ళు లేకుండానే జాతి నిర్మూలన కింద మరణశిక్ష వేసింది. మ్యూజియం ఆ కాలంలోనే, 1980లో తెరిచారు. ఆ విచారణని బయటి ప్రపంచం పట్టించుకోలేదు, వియత్నాం ఆడించిన నాటకం అంది. విచారణ పద్ధతి సరిగా లేదన్నది నిజమే. కానీ అందులో వచ్చిన సాక్ష్యాలు నిజం.

మూడో ముక్క. ఐరాస కోర్టు కాదు. ఐరాసతో 2003లో కుదిరిన ఒప్పందం మీద కంబోడియా న్యాయవ్యవస్థలోనే పెట్టిన ప్రత్యేక కోర్టు, 2006లో పని మొదలుపెట్టింది. కంబోడియా జడ్జీలే ఎక్కువమంది, విదేశీ జడ్జీలు తక్కువ, తీర్పు రావాలంటే కనీసం ఒక్క విదేశీ జడ్జి అయినా ఒప్పుకోవాలి. 2022 సెప్టెంబర్ 22న ఖియూ సంఫాన్ అప్పీల్ కొట్టేసి చివరి తీర్పు ఇచ్చింది. ఖర్చు 30 కోట్ల డాలర్లకి పైగా. శిక్ష పడింది ముగ్గురికి.

ముగ్గురికి! ఈ అంకె విన్నప్పుడు ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. పోల్ పాట్ 1998లోనే అడవిలో పోయాడు, ఒక్క రోజు నిజమైన కోర్టు బోనెక్కలేదు. ఇయెంగ్ సారీ విచారణ మధ్యలో 2013లో పోయాడు. అతని భార్య ఇయెంగ్ తిరిత్‌ మతిమరుపు జబ్బుతో విచారణకి పనికిరాదని వదిలేశారు. కిందిస్థాయి కమాండర్ల మీద పెట్టిన కేసులు కంబోడియా, విదేశీ జడ్జీలకి పడక ఆగిపోయాయి, ప్రభుత్వం ముందునుంచే ఆ కేసులు వద్దంది. నువోన్ చియా అప్పీల్ తేలకుండానే 2019లో చనిపోయాడు.

ఇంత ఆలస్యానికి కారణం కంబోడియా ఒక్కటే కాదు. ఖ్మేర్ రూజ్ అధికారం పోయాక కూడా ఏళ్ళ తరబడి ఐరాసలో కంబోడియా కుర్చీ వాళ్ళ చేతుల్లోనే ఉంది. అమెరికా, చైనా, ఇంకా చాలా దేశాలు వియత్నాం మీద కోపంతో దాన్ని సమర్థించాయి. హంతకుల ప్రతినిధి న్యూయార్క్‌లో కూర్చుని ఉంటే విచారణ ఎవరు అడుగుతారు? ఈ విషయంలో మన దేశం 1980లో నోమ్ పెన్‌లోని కొత్త ప్రభుత్వాన్ని గుర్తించింది, కమ్యూనిస్టు కూటమి బయట అలా చేసిన దేశాలు దాదాపు లేవు. తర్వాత మన పురావస్తు శాఖ వాళ్ళు 1986 నుంచి 1993 దాకా, యుద్ధం ఇంకా పూర్తిగా ఆగకముందే, అంగ్‌కోర్ వాట్‌లో మరమ్మతులు చేశారు. అది చెప్పుకోవాల్సిన విషయం. చెప్పుకోలేనిది ఇంకొకటి ఉంది. 1948 ఒప్పందాన్ని మనం 1959లో ఆమోదించాం, కానీ దానికి తగ్గ చట్టం ఇప్పటిదాకా చేసుకోలేదు. 1984 సిక్కుల ఊచకోత కేసులో 2018 డిసెంబర్ 17న సజ్జన్ కుమార్‌కి జీవిత ఖైదు వేస్తూ ఢిల్లీ హైకోర్టు ఈ మాటే అంది, జాతి నిర్మూలన గానీ మానవాళిపై నేరాలు గానీ మన నేర చట్టంలో లేవు, ఈ లోటు వెంటనే తీర్చాలి అని. నోమ్ పెన్ తీర్పు వచ్చిన నెల రోజులకి. 2024లో కొత్త న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది, అందులోనూ పెట్టలేదు.

ఇవన్నీ తెలిసినా ఆ కోర్టు దండగ అని నేను అనను. డబ్బు గురించి, ఆలస్యం గురించి తిట్టేవాళ్ళు ఒక్కసారి ఆ విచారణల రికార్డు చూడాలి. బాధితులు సాక్షులుగానే కాదు, కేసులో పక్షంగా చేరే హక్కు ఇచ్చారు, నువోన్ చియా, ఖియూ సంఫాన్‌ల మీద నడిచిన రెండో కేసులో అలా 3,800 మందికి పైగా చేరారు. బూ మెంగ్ అనే చిత్రకారుడు ఇక్కడ ఖైదీ, పోల్ పాట్ బొమ్మ గీయగలిగినందుకు ప్రాణం దక్కింది, అతని భార్యకి దక్కలేదు. 2009లో కోర్టులో డుచ్‌ని అతను అడిగింది ఒకటే: నా భార్యని ఎక్కడ చంపారు, చెప్తే ఆ చోటి మట్టి తెచ్చుకుని ఆమె ఆత్మ కోసం ప్రార్థన చేసుకుంటాను. డుచ్ ఖచ్చితంగా చెప్పలేకపోయాడు, బహుశా చోయెంగ్ ఏక్‌లో (ఈ జైలు ఖైదీలని తీసుకెళ్ళి చంపి పాతిపెట్టిన, ఊరి బయటి చోటు) అన్నాడు. ముప్పై ఏళ్ళు ఆగి ఒక మనిషి తన భార్య గురించి జైలర్‌ని చట్టం సాక్షిగా నిలదీయగలిగాడంటే, అది ఈ కోర్టు లేకపోతే జరిగేది కాదు.

డుచ్‌కి మొదట 35 ఏళ్ళు వేసి, విచారణకి ముందు అతన్ని అక్రమంగా నిర్బంధించారని ఐదేళ్ళు తగ్గించి, అప్పటికే లోపలున్న కాలం తీసేస్తే 19 ఏళ్ళే మిగిలాయి. అది విని బతికినవాళ్ళు కోర్టు బయట ఏడ్చారు, వీడు బయటికి నడిచి వస్తాడా అని. 2012 ఫిబ్రవరి 3న పై కోర్టు దాన్ని జీవిత ఖైదుగా మార్చింది. 2020లో ఖైదీగానే చనిపోయాడు. గమనించండి, జాతి నిర్మూలన కింద దోషులైనవాళ్ళకి పడిందీ జీవిత ఖైదే, మానవాళిపై నేరాలకి డుచ్‌కి పడిందీ జీవిత ఖైదే. చట్టం దృష్టిలో ఒకటి పెద్దదీ ఇంకొకటి చిన్నదీ కాదు. మనమే టీవీ చర్చల్లో, వాట్సాప్‌లో జెనోసైడ్ అన్న మాట పడితే తప్ప జరిగింది ఘోరం కాదన్నట్టు కొట్టుకుంటున్నాం. ఒక వర్గం ఆ మాట కావాలంటుంది, ఇంకో వర్గం ఆ మాట వర్తించదు కాబట్టి ఏమీ జరగనట్టే అంటుంది. తువోల్ స్లెంగ్‌లో చచ్చిపోయిన ఖ్మేర్లకి ఏ కోర్టూ ఆ మాట ఇవ్వలేదు. ఆ గదుల్లో పది నిమిషాలు నిలబడినవాళ్ళెవరూ అందుకని ఇది తక్కువ అనలేరు. నిర్వచనం జాగ్రత్తగా వాడదాం, రుజువుతో వాడదాం, కానీ అది సరిపోనిచోట ఉన్న మిగతా చట్టాలని కూడా అంతే గట్టిగా పట్టుకుందాం. నేను మా తొమ్మిదో తరగతికి చెప్పబోయేది ఇదే.

ఇక టూర్ గురించి మిగతా ఫిర్యాదులు త్వరగా చెప్పేస్తాను. మ్యూజియంలో గంటలోపే బయటికి రమ్మన్నారు, ఆడియో గైడ్ అవసరం లేదు నేనే చెప్తానన్నాడు, తర్వాత చోయెంగ్ ఏక్, ఆ వెంటనే మార్కెట్లో షాపింగ్. అన్నిటికంటే నన్ను కలచివేసింది, చోయెంగ్ ఏక్ దగ్గర సామూహిక సమాధుల మధ్య నడిచి వచ్చి ఇంకా వ్యాన్ ఎక్కకముందే, డ్రైవర్ ఒక కార్డు చూపించి షూటింగ్ రేంజ్‌కి వెళ్తారా, మెషిన్ గన్ కాల్చచ్చు అనడం. ఇలాంటి ఆఫర్ ప్యాకేజీలో ఉంటే ఆ ప్యాకేజీ తీసుకోకండి. మర్నాడు నేను సొంతంగా మళ్ళీ మ్యూజియంకి వెళ్ళి, ఆడియో గైడ్ పెట్టుకుని, మూసేదాకా ఉన్నాను. ఈ రివ్యూలో మెచ్చుకున్నదంతా ఆ రెండోసారి చూసిందే.

వెళ్ళేవాళ్ళకి. ఉదయం 8 నుంచి సాయంత్రం 5 దాకా తెరిచి ఉంటుంది, ఎనిమిదికే వెళ్తే ఎండ, రద్దీ రెండూ తక్కువ. మెట్లు ఎక్కువ, మోకాళ్ళ నొప్పులున్న అమ్మానాన్నలని తీసుకెళ్తే కింది అంతస్తు గదులు, ఆవరణ చూపించినా చాలు. భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు వేసుకోండి. గదుల్లో ఫొటోలు, సెల్ఫీలు వద్దు. చిన్నపిల్లలని తీసుకెళ్ళకండి, హైస్కూల్ పిల్లలైతే ముందు రోజు కూర్చోబెట్టి చెప్పి తీసుకెళ్ళండి. ఆటో ఫోన్ యాప్‌లో బుక్ చేసుకోవచ్చు, బేరం బాధ లేదు. చోయెంగ్ ఏక్ ఊరి నుంచి 15 కిలోమీటర్లు, దానికి వేరే పూట పెట్టుకోండి, అక్కడ కూడా ఆడియో గైడ్ ఉంది. 2025 జూలైలో ఈ రెండు చోట్లనీ, ఎం-13 అనే ఇంకో పాత జైలునీ కలిపి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది, కాబట్టి ఇకనుంచి రద్దీ పెరుగుతుంది.

లోపల ఆవరణలో జైలు నుంచి బతికి బయటపడ్డ పెద్దాయన ఒకరు బల్ల వేసుకుని తన పుస్తకం అమ్ముతున్నారు నేను వెళ్ళినప్పుడు. ఫొటో అడిగేముందు పుస్తకం కొనండి, ఆయన సంతకం చేసి ఇస్తారు, రెండు చేతులూ జోడించి నమస్కారం పెడితే అక్కడా అదే పద్ధతి. ఇంగ్లిష్ చదవగలిగినవాళ్ళు డుచ్ తీర్పు, 2018 తీర్పు సారాంశం కోర్టు వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి, విమానంలో చదువుకుంటూ వెళ్ళచ్చు.